మా లస్కరు నాన్న బాగుచేసిన కంప్యూటర్

మా చిన్నప్పుడు... ఓ ఆదివారం పొద్దున, మా అక్క కంప్యూటర్ ముందు కూర్చుని కళ్ళు తుడుచుకుంటోంది. బటన్ నొక్కుతుంది, ఏమీ రాదు. మళ్ళీ నొక్కుతుంది, మళ్ళీ ఏమీ రాదు. లైటు లేదు, ఫ్యాను చప్పుడు లేదు...

అక్క అప్పుడు గూడెం కాలేజీలో డిగ్రీ ఆఖరి సంవత్సరం. భీమడోలులో రైలెక్కి రోజూ వెళ్ళొచ్చేది. మా ఇంట్లో అంతదాకా చదివిన మొదటి మనిషి. సోమవారం ప్రాజెక్టు ఇవ్వకపోతే పరీక్షలకి కూర్చోనివ్వమన్నారు. రెండు నెలలు కష్టపడి చేసిన ప్రాజెక్టంతా ఆ డబ్బాలోనే ఉంది. అంతా అయ్యాక ఫ్లాపీలోకి ఎక్కించుకుందాంలే అనుకుందట మహాతల్లి!

అసలు ఏమైందంటే... ఆ వారమంతా వానలు. కొల్లేరు ఎగదన్ని మా గడప దాకా నీళ్ళొచ్చాయి. మా వైపు నీళ్ళొస్తున్నాయంటే ముందు బియ్యం, తర్వాత ట్రంకుపెట్టె, ఆ తర్వాతే మనుషులు ఎత్తుకి చేరేది. ఈసారి బియ్యం కన్నా ముందు కంప్యూటర్ ఎక్కింది మా పెదనాన్న గారి డాబా. కుదుపులకి పాడవుతుందని అమ్మ ఓ గంపలో ఊక పోసి, సీపీయూని దాని మధ్యలో పడుకోబెట్టి మరీ పంపింది. గుడ్లైనా గాజు సామానైనా అమ్మ అలాగే పంపేది. నీళ్ళు తీసిపోయాక శనివారం ఇంటికి తెచ్చి, శుభ్రంగా తుడిచి పెట్టుకున్నాం. అంతే, ఇక పలకలేదు.

ఎస్టీడీ బూత్ నుంచి ఏలూరులో కంప్యూటర్ షాపు ఆయనకి ఫోన్ చేస్తే, బోర్డు పోయుంటుంది, సోమవారం తీసుకురండి చూద్దాం అన్నారట. అక్క రాత్రి అన్నం ముట్టలేదు. అమ్మ ప్రార్థన చేసి, తన ఊక వల్లే ఇలా అయిందేమోనని లోలోపల కుమిలిపోయింది.

మా నాన్న కాలవ మీద లస్కరు. తూములు ఎత్తడం, దించడం, శివారు పొలాల దాకా నీళ్ళందేలా చూడడం ఆయన పని. చదివింది ఐదో తరగతి. ఆ కంప్యూటర్‌ని అంతవరకూ ఒక్కసారి కూడా ముట్టుకోలేదు. చర్చి నుంచి వచ్చి, చొక్కా విప్పి కొక్కేనికి తగిలించి, అక్క పక్కన గొంతుక్కూర్చున్నారు.

"ఆ షాపాయన దీన్ని చూశారా అమ్మా?"

"లేదు నాన్నా, ఫోన్లోనే చెప్పారు."

"ఆయన్ననకూడదు గానీ... శివారుకి నీళ్ళు రాకపోతే గట్టు మీద నిలబడి చెప్పేస్తే ఎలా? తూము కాడి నుంచి నడుచుకుంటా పోవాలి. ఎక్కడిదాకా వచ్చాయో అక్కడ తెలిసిపోద్ది."

అని లేచి టేబుల్ ఫ్యాను పట్టుకొచ్చారు! ముందు గోడ ప్లగ్గులో పెట్టారు... తిరిగింది. తర్వాత ఎక్స్‌టెన్షన్ బాక్సులో పెట్టారు... అక్కడా తిరిగింది. ఆ తర్వాత వైరు. మానిటర్ వైరూ సీపీయూ వైరూ ఒకలాంటివే అని అక్క చెబితే, సీపీయూ వైరు తీసి మానిటర్‌కి పెట్టించారు. మానిటర్ లైటు వెలిగింది. వెనకాల ఉన్న చిన్న స్విచ్చి కూడా చూపించమన్నారు. అదీ వేసే ఉంది.

ఇక డబ్బా పక్క రేకు విప్పారు. లోపల చెయ్యి పెట్టలేదు, తొంగి చూశారంతే. బోర్డు మీద ఓ మూల పచ్చగా చిన్న చుక్క వెలుగుతోంది. అక్కెప్పుడూ దాన్ని గమనించలేదట. నాన్న ప్లగ్గు పీకించారు. కాసేపటికి చుక్క ఆరిపోయింది. మళ్ళీ పెట్టించారు, వెలిగింది.

"కరెంటు ఇక్కడిదాకా వచ్చేసిందమ్మా. ఇంక మిగిలింది నువ్వు నొక్కే బటనే."

ప్లగ్గు మళ్ళీ తీయించి, కళ్ళు మూసుకుని ఆ బటన్ నొక్కి చూశారు. మెత్తగా సగం దాకా వెళ్ళి ఆగిపోతోంది. "తూము షట్టరు గాడిలో చెత్త ఇరుక్కున్నా ఇంతే" అని నవ్వారు. డబ్బా ముందువైపు ప్లాస్టిక్ ముక్క జాగ్రత్తగా ఊడదీస్తే... బటన్ సందులో రెండు ఊక పొట్టులు! అమ్మ పిన్నీసు తీసుకుని, కంట్లో నలుసు తీసినంత నెమ్మదిగా తీశారు. ఈసారి నొక్కితే టక్కుమంది.

అన్నీ బిగించి ప్లగ్గు పెట్టి, నువ్వే నొక్కమ్మా అన్నారు అక్కతో. ఆ ఫ్యాను చప్పుడు వినగానే మా ఇంటిల్లిపాదికీ ప్రాణం లేచొచ్చింది. అమ్మైతే ఊక సంగతి ఎవరూ ఎత్తకముందే వంటింట్లోకి వెళ్ళిపోయింది. నాన్న కూడా ఎత్తలేదు. ఆయన పద్ధతి అది...

అక్క ముందు ప్రాజెక్టంతా ఫ్లాపీలోకి ఎక్కించింది. ఆ తర్వాత, కృతజ్ఞతలు చెప్పే పేజీ తీసి, ప్రిన్సిపాల్ గారి పేరు, గైడ్ మేడమ్ గారి పేరు కింద ఇంకో లైను కొట్టింది. ఇంగ్లీషు కదా, నాన్నకి రాదు. ఇందులో మీ పేరుంది నాన్నా అంటే, వేలు తెరకి తగలకుండా దూరంగా పెట్టి ఇదా, ఇదా అని వెతికారు. చివరికి అక్క చూపించింది.

"పక్కన ఏం రాశావమ్మా?"

"లస్కరు అని నాన్నా."

"అంత పెద్దోళ్ళ కింద ఆ మాట బావుంటదంటావా?"

"బావుంటుంది నాన్నా" అంది అక్క. నాన్న కొక్కేనికున్న చొక్కా తీసి వేసుకుని, ఆ తెర ముందు మళ్ళీ వచ్చి కూర్చున్నారు.

మొన్న మా ఇంట్లో మిక్సీ ఆగిపోతే, నేను కనీసం ప్లగ్గు కూడా చూడకుండా కొత్తది ఆర్డరు పెట్టేశాను. తర్వాత నాన్న గుర్తొచ్చి సిగ్గేసింది... ఎక్కడ ఆగిందో నడిచి చూసే ఓపిక మాకెవరికీ రాలేదు.

మీ ఇంట్లోనూ అలాంటి మనిషి ఉండే ఉంటారు, పేరు ఏ కాగితం మీదా ఎక్కని మనిషి... ఆ పేరు ఇక్కడ రాయండి. పక్కన వారి పనేమిటో కూడా రాయండి.