రెండు స్పీకర్ల సత్తువ

నేను అరకులో మాస్టరుగా పనిచేసిన రోజుల్లో, బడి వార్షికోత్సవానికి మైకుసెట్టు పెట్టడానికి పాడేరు నుంచి ఒకాయన వచ్చేవాడు. గొంతు పెంచి మాట్లాడడం ఎరగని మనిషి. వేడి పోవడానికి ఆంప్లిఫయరు మూత తీసే ఉంచేవాడు. మాటిమాటికీ దాని పక్కన అరచెయ్యి ఆనించి, పసిపిల్లకి జ్వరం చూసినట్టు చూసేవాడు.

"దీని సత్తువ రెండు స్పీకర్లే మాస్టారూ. అదనంగా తెచ్చిన రెండూ కూడా కలిపితే ఓములు, అదే కరెంటుకి అడ్డు, తగ్గిపోతాయి. బరువంతా దీని మీద పడి లోపల కాలిపోతాది," అని నాకు ముందే చెప్పాడు.

ఒక ఏడు జనం విరగబడి వచ్చారు. కొండల మీంచి దిగివచ్చిన తల్లులకి వెనక వరసల్లో తమ పిల్లల పాట వినపడలేదు. ఆయన టీకి వెళ్లినప్పుడు, విడిగా ఉన్న రెండు స్పీకర్లూ నేనే కలిపేశాను. పాట గుట్టల దాకా వినిపించింది. తల్లులు నవ్వారు. కాసేపటికి పాట బొంగురుపోయి, ఆంప్లిఫయరులోంచి పొగ లేచింది. తీగలు పీకేద్దామని కంగారుగా అందులోకి చెయ్యి చాపాను.

ఫెడేల్మని చెక్క కుర్చీ నా భుజానికి తగిలింది. పక్కకి పడి తలెత్తి చూస్తే, కుర్చీ పట్టుకుని ఆయన! పిల్లలు కెవ్వుమన్నారు. అంత నెమ్మదైన మనిషి, అందరి ముందూ, మాస్టర్ని కొట్టడమా?

ఆయన పరుగున వెళ్లి మెయిను ఆపి వచ్చాడు.

"కరెంటున్న సెట్లో సెయ్యెడతారేటి బాబూ! మా తమ్ముడు ఇలాగే పోనాడు," అంటూ నా పక్కనే కూలబడి ఏడ్చాడు. స్పీకర్లు కలిపింది ఎవరని అడగనే లేదు.