అవ్వ గంప, నా సాంబ్రాణి నూనె

ఆ రోజుల్లో లోకంలోని ప్రతి రోగానికీ నా సంచిలో మందుందని నమ్మేవాణ్ణి. లోకం నమ్మకపోవడం దాని దురదృష్టం. వనపర్తిలో సుగంధ తైలాలమ్మే కొట్లో కొత్తగా చేరాను. వేడినీళ్ళలో రెండు చుక్కల సాంబ్రాణి నూనె వేసి పీలిస్తే దిగులు పోయి నిద్ర పడుతుందని మా సేటు చెప్పేవాడు. (ఆయనకే నిద్ర పట్టేది కాదు, అది వేరే సంగతి.) రాజోలిలో మా అవ్వకు నిద్రా లేదు, మాటా లేదు. తాత పోయిన దగ్గర్నుంచి గోడవైపు తిరిగి కూర్చునేది. అంతకుముందు ఊళ్ళో ప్రతి పసిగుడ్డుకూ నీళ్ళు పోసేదీ, బాలింత జుట్టును బోర్లించిన గంప మీద పరిచి, కింద నిప్పుల్లో సాంబ్రాణి చల్లి ఆరబెట్టేదీ ఆవిడే. (తుంగభద్ర మీద కమ్మే మంచులో సగం మా అవ్వ పొగేనని నా లెక్క.)

ఒక ఆదివారం సీసాతో ఊళ్ళో దిగాను. అవ్వ దుఃఖానికి రెండు చుక్కలు ఏ మూలకి? నీళ్ళు కాచే ఓపిక లేక, నిప్పులు చట్టిలోకి తీసి సీసా మొత్తం వంపేశాను. మంట భగ్గున దూలందాకా లేచింది (సరే, ముక్కుదాకా). అది దిగేసరికి నా మీసంలో ఎడమ సగం లేదు.

అవ్వ ఇటు తిరిగింది. “నూనె నిప్పులల్ల పోస్తర్రా ఎవరన్న? నిన్ను కొలువుల పెట్టుకున్నోడు ఎవడు?”

నెలల తర్వాత ఆవిడ నోట వచ్చిన మొదటి మాటలు. ఆ సంతోషంలో మీసం సంగతే మరిచి, నిద్రకు మందు తెచ్చానని చెప్పాను. ఆవిడ పుల్లతో నిప్పులు కెలికింది.

“నిద్ర ఏడికెళ్లి వస్తదిరా? ఎదురింటి పిల్ల కాన్పయి వచ్చింది. నన్ను పిలుస్తలేరు. మీ తాత పోయినంక నా చెయ్యి పిల్లలకు మంచిది కాదంట.”

పెరట్లోకి పోయి నెత్తిమీద చెంబెడు నీళ్ళు గుమ్మరించుకుని, గంప తెచ్చి ఆ నిప్పుల మీద బోర్లించి, దాని మీద తల వాల్చి పడుకున్నాను.

“ఏందిరా గిది?”

“తల తడిసింది. జర ఆరబెట్టవ్వా.”

వెనకాల సాంబ్రాణి డబ్బీ మూత తీసిన చప్పుడైంది. “సగం మీసం బాలింతను నేనేడ సూడలే” అంటూ నా జుట్టులోకి వేళ్ళు పోనిచ్చింది.

ఎదురింటివాళ్ళు చివరిదాకా పిలవలేదు. అవ్వ పోయేదాకా ఆదివారం ఆదివారం నేనే ఆవిడకు బాలింతనయ్యాను. ఇప్పుడు నాగర్‌కర్నూల్‌లో మా ఇంట్లో కరెంటుతో ఆవిరి వదిలే గిన్నె ఉంది. సాంబ్రాణి నూనె వేసి, మా ఆవిడ చూడకుండా దాని పక్కన తల వాల్చి పడుకుంటాను, ఆరబెట్టుకోవడానికి నెత్తిన ఒక్క వెంట్రుకైనా మిగలని పెద్దమనిషిని.