రెండు ఎడమ చేతుల కోటు

ఆ వీధిలో అందరూ అతన్ని కుంగ్‌ఫూ అనేవారు. భయపడి పెట్టిన పేరు కాదు. గాలి కాస్త గట్టిగా వీస్తే గుమ్మం పట్టుకుని నిలబడే మనిషి. దర్జీ కొట్లో కాజాలు కుట్టడం, గుండీలు పెట్టడం అతని పని. పద్దెనిమిదేళ్లుగా అదే పని. అక్కడ గుడ్డ కత్తిరించే హక్కు ఒక్క మాస్టారుది. పెద్ద కత్తెర ఆయనది, కటింగ్ బల్ల ఆయనది, బల్ల చుట్టూ ఉన్న నాలుగడుగుల నేల కూడా ఆయనదే.

కుంగ్‌ఫూ ఇంట్లో ఒక అట్టపెట్టె ఉంది. అందులో ముప్ఫై ఒక్క డిస్కులు, అన్నీ పాతకాలపు కుంగ్‌ఫూ హాస్య చిత్రాలే. ఎప్పుడో ఒక వీడియో కొట్టు ఎత్తేస్తుంటే పట్టుకొచ్చుకున్నాడు. వాటిలో మనుషుల పెదవులు ఆగిపోయాక కూడా మాటలు వినబడుతుంటాయి. పిడికిలి తగలకముందే చప్పుడు వచ్చేస్తుంది. ఒకదానిలో దుర్మార్గుడి తెల్ల కనుబొమ సగం ఊడి, గొప్ప శపథం చేస్తున్నంతసేపూ కంటి మీద వేలాడుతూ ఉంటుంది. దర్శకుడు కూడా దాన్ని అంటించమని చెప్పలేదు. ఇవన్నీ లోపాలని ఎవరైనా అంటే కుంగ్‌ఫూకి ఒళ్లు మండేది.

నిజం చెప్పొద్దూ, ఆ సినిమాల్లో ఆకర్షణ లేకపోలేదు. కథానాయకుడు కండలు తిరిగిన వీరుడు కాదు, నలుగురి చేతా చీవాట్లు తినే దద్దమ్మ. మొదటి గంటంతా తన్నులు తింటాడు. ఆయుధాలంటూ ఏవీ ఉండవు. బల్ల, గిన్నె, నిచ్చెన, ఆరేసిన దుప్పటి, ఏది దొరికితే దానితోనే కొడతాడు. కింద పడితే నిజంగానే పడతాడు, లేచి నడుం పట్టుకుంటాడు. జీవితంలో ఎప్పుడైనా కింద పడ్డవాడెవడికైనా అది చూస్తే నవ్వూ వస్తుంది, ధైర్యమూ వస్తుంది.

చిక్కల్లా గురువుతోనే. ముప్ఫై ఒక్క సినిమాల్లోనూ ఒకే ముసలాయన. ఎర్రటి ముక్కు, చిరుగుల అంగీ, నోరు విప్పితే తిట్లు. విద్య నేర్పమని వచ్చినవాడి చేత ఏడాదిపాటు నీళ్లు మోయిస్తాడు, నేల తుడిపిస్తాడు. వాడు విసిగి వెళ్లిపోబోయే రోజున ఉన్నట్టుండి కర్రతో కొడతాడు. వాడి చెయ్యి దానంతటదే లేచి దెబ్బ కాచుకుంటుంది. అప్పటికి గాని తెలియదు, ఏడాదంతా ఆ పనులతో విద్యే నేర్పాడని.

ఇరవై రెండేళ్ల వయసులో కొట్లో చేరిన వారానికే ఈ సంగతి కుంగ్‌ఫూ తలకెక్కింది. ఇక దిగలేదు. కలిసిపోయిన గుండీలు ఏరమంటే అది చూపుకు శిక్షణ. కొట్లో ఉన్నది ఒక్కటే ముక్కాలిపీట, అది మాస్టారుది కనుక తను నిలబడితే అది కాళ్లకు శిక్షణ. కోపమొచ్చి మాస్టారు దారపు రీలు విసిరేవారు. అతను ఒంటిచేత్తో పట్టుకుని, కళ్లు దించుకుని, మనసులోనే దండం పెట్టుకునేవాడు. రెండు రోజులు సెలవు ఇవ్వనంటే ఆ రాత్రి పొంగిపోయి అన్నం కూడా సరిగా తినలేదు. ఓర్పుకు పరీక్ష మరి.

కటింగ్ బల్ల వైపు మాత్రం కన్నెత్తి చూసేవాడు కాదు. గురువు విద్యను చాటుగా చూసినవాడు ఆ సినిమాల్లో బాగుపడ్డ దాఖలా లేదు. మాస్టారు కత్తెర అందుకోగానే ఇతను గోడవైపు తిరిగి నిలబడేవాడు. మర్యాద అంటే అది.

అతని భార్య మందుల షాపులో పనిచేసేది. చీటీలో ఏది రాసి ఉంటే అదే చదివి, అదే ఇచ్చి పంపాలి. మాటల్లో దాచిన అర్థాలు వెతికే అలవాటు ఆమెకు లేదు. ఒకసారి అతను బతిమాలి కూర్చోబెడితే నీళ్లు మోసే ఘట్టమంతా ఓపిగ్గా చూసింది.

"ఆ ముసలాయనకి నీళ్లు తెచ్చే మనిషి లేడు, అంతే కదా?" అంది.

అతను సినిమా ఆపేశాడు. ఆ తరువాత ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని సినిమా చూడలేదు.

ఈ వేసవిలో ఆమె అన్నయ్య ఒక కబురు పంపాడు. చౌరస్తాలో కొట్టు గది తీసుకున్నాడు, మిషన్లు కొంటున్నాడు, నమ్మకమైన కటింగ్ మాస్టారు కావాలి. బావకి కటింగ్ వచ్చంటే చాలు, చెరిసగం భాగస్వామ్యం. నెలాఖరులోగా చెప్పమన్నాడు. ఇదివరకు రెండుసార్లు ఇలాగే అడిగి విసిగిపోయినవాడు.

"ఏం చెప్పను?" అంది ఆమె.

"ఇంకా శిక్షణ పూర్తి కాలేదే."

"పద్దెనిమిదేళ్లయింది."

"మాస్టారు సైగ చేస్తారు. ఇవాళో రేపో."

భర్త సొంత కొట్లో బల్ల ముందు నిలబడాలని ఆమెకు ఎంత ఆశో ఆమెకే తెలుసు. గుమ్మం మీద బోర్డుకు రంగు కూడా మనసులో అనుకుని పెట్టుకుంది.

నెలాఖరుకు వారం ఉందనగా ఆ సైగ వచ్చింది. మాస్టారికి కళ్లు మసకబారుతున్నాయి, మధ్యాహ్నం కంటి డాక్టరు దగ్గరికి బయలుదేరారు. బల్ల మీద పళ్ల డాక్టరుగారి కోటు సగంలో ఉంది. ముందుభాగాలు, వీపు కత్తిరించడం అయిపోయింది. చేతులకు సరిపడే ముక్క మిగిలింది, దాని మీద చేతి ఆకారంలో కత్తిరించిన కొలత కాగితం పరిచి ఉంది. మాస్టారు పెద్ద కత్తెర తీసుకొచ్చి కుంగ్‌ఫూ చేతిలో పెట్టారు.

"సాన పట్టించుకురా. మొద్దుబారింది," అని చెప్పులేసుకుని వెళ్లిపోయారు.

మామూలు మనిషైతే సాన పట్టించుకొచ్చేవాడు. కుంగ్‌ఫూ కత్తెరను రెండు చేతులా పట్టుకున్నాడు. ఇన్నేళ్లలో ఆ కత్తెర ఇంకొకరి చేతికి ఇచ్చింది లేదు, సానకైనా ఆయనే తీసుకెళ్లేవారు. ఇవాళ తనకిచ్చారు. గుడ్డ మీద కాగితం వదిలారు. కావాలనే కొట్టు వదిలి వెళ్లారు. గురువన్నవాడు ఇంతకంటే విప్పి ఎలా చెబుతాడు?

బల్ల ముందు నిలబడ్డాడు. కాళ్లు ఎడం చేసి, ఊపిరి పీల్చి, చేతిని దాని దారికి వదిలేశాడు. నిజంగానే చెయ్యి దానంతటదే కదిలింది. కాగితం చుట్టూ సుద్దతో గీసి ఒక చేతిని కత్తిరించాడు. కాగితాన్ని పక్కకు జరిపి, అలాగే గీసి రెండోది కత్తిరించాడు. మొద్దు కత్తెరకే అంచులు తిన్నగా తెగాయి. కళ్లలో నీళ్లు తిరిగాయి.

మాస్టారు కళ్లలో చుక్కలు వేయించుకుని, గోడ పట్టుకుంటూ తిరిగొచ్చారు. చూపు ఆనడం లేదు. బల్ల తడిమారు. రెండు ముక్కలూ చేతికి తగిలాయి. ఒకదాని మీద ఒకటి పెట్టి అంచులు వేళ్లతో నిమిరారు.

"రెండూ ఎడమ చేతులే," అన్నారు.

సినిమా అయితే దుర్మార్గుడు కింద పడగానే తెర మీద బొమ్మ బిగుసుకుపోయి, సమాప్తం అని పడుతుంది. తరువాత ఎవరు ఇంటికి వెళ్లారో, ఏం చెప్పుకున్నారో ఎవరికీ అక్కర్లేదు. ఇక్కడ ఆ సౌకర్యం లేదు. కుంగ్‌ఫూ అలాగే నిలబడి ఉన్నాడు, మాస్టారు ముక్కాలిపీట వెతుక్కుని కూర్చున్నారు.

"ఎందుకు కోశావురా?"

"మీరు ఇన్నేళ్లూ నేర్పింది..."

"ఏం నేర్పాను?"

అతను చెప్పాడు. గుండీలు, నిలబడటం, దారపు రీలు, సెలవు, అన్నీ. మాస్టారు మధ్యలో ఒక్కసారి కూడా తిట్టలేదు. అదే అతన్ని ఎక్కువ భయపెట్టింది.

"రీలు కోపంతో విసిరాను," అన్నారు చివరికి. "నీ కాజాలు బాగుంటాయి, అందుకని కాజాలు ఇచ్చాను. కటింగ్ కావాలని ఎప్పుడైనా అడిగావా?"

"లేదు మాస్టారూ."

"నేను కత్తెర పట్టగానే గోడవైపు తిరిగేవాడివి. నీకది గిట్టదనుకున్నాను."

ఒకదాన్ని తిరగేసి వాడదామంటే గుడ్డకు లోపలి వైపు వేరు, కొత్త ముక్క మిగల్లేదు. పళ్ల డాక్టరుగారికి చేతుల్లేని కోటు కుట్టి ఇచ్చారు. ఆయన అద్దంలో అటూ ఇటూ తిరిగి చూసుకుని, పని చేసుకునేటప్పుడు చేతులకు అడ్డం రాదని మెచ్చుకుని వెళ్లాడు. ఆ వచ్చిన ఆదివారం కుంగ్‌ఫూ మాస్టారింటికి వెళ్లి, గుమ్మంలో నిలబడి, కటింగ్ నేర్పమని అడిగాడు. మాస్టారు పాత వార్తాపత్రికలు తెమ్మన్నారు.

"ఒక చెయ్యి గీశాక కాగితాన్ని తిరగేసి రెండోది గీయాలి. అప్పుడు ఒకటి ఎడమ, ఒకటి కుడి," అన్నారు.

రహస్యం అంతే. మిగతావి, మెడ వంపు, చంక లోతు, కుట్లకు వదిలే జాగా, భోజనం వేళకు అయిపోయాయి. చెయ్యి తిరగాలంటే ఇంకో ఏడాది పడుతుందని, రోజూ సాయంత్రం ఒక గంట కూర్చోమని మాస్టారు చెప్పారు. మామూలు మాటలతో చెప్పారు. కుంగ్‌ఫూ కూడా వాటిని మామూలుగానే విన్నాడు.

కాగితపు చేతులు రెండూ మడవకుండా పట్టుకుని ఇంటికి పరుగున వచ్చాడు. భార్య బట్టలు మడతపెడుతోంది.

"వచ్చేసిందే. ఒక్క పూటలో వచ్చేసింది," అన్నాడు.

ఆమె చేతిలో చొక్కా పక్కన పెట్టింది.

"గడువు దాకా ఆగలేక అన్నయ్య నిన్న వేరే మాస్టారిని మాట్లాడుకున్నాడు. పొద్దున్నే ఫోన్ చేశాడు," అంది.

అతను మంచం చివర కూలబడ్డాడు. ఆమె వచ్చి పక్కన కూర్చుంది. అతని చేతిలోంచి ఆ కాగితాలు తీసుకుని, ఒకటి కుడి చేతికి, ఒకటి ఎడమ చేతికి ఆనించి చూసుకుంది. సరిగ్గానే ఉన్నాయి.

"ఇన్నేళ్లూ ఎందుకు అడగలేదండీ?" అంది. గొంతులో కోపం లేదు.

"సినిమాల్లో ఎవరూ అడగరు. అడిగితే ఓపిక లేనట్టు."

"సినిమాల్లో వాడికి ఇంటి దగ్గర పెళ్లాం ఉంటుందా?"

అతను అట్టపెట్టె వైపు చూశాడు. ముప్ఫై ఒక్క సినిమాలనూ ఒక్కొక్కటిగా, మొదటి నుంచి చివరి దాకా గుర్తు తెచ్చుకున్నాడు. ఒక్కదానిలోనూ లేదు.