మీటరు మామ మళ్లించిన లారీలు

మా మీటరు మామ పనల్లా వాళ్ల ఊరి మునిసిపల్ ఆఫీసు డాబా మీదున్న గాలి మీటరు చూసుకోవడం. ఇరవై ఆరేళ్లుగా రోజూ పొద్దున్నే మెట్లెక్కి, వడపోత కాగితం మార్చి, గాలిలో మసి ఎంతుందో, గాలి ఎటునుంచి వీస్తోందో రిజిస్టరులో రాస్తాడు. మీటరును ఇంకెవరైనా ముట్టుకుంటే ఒంటికాలి మీద లేస్తాడు. పక్కనే ఉన్న మా ఊళ్లో అదే పని చేసేది మా నాన్న. మామ మా అమ్మకు తమ్ముడు.

పోయినేడు పైనుంచి ఒక కాగితం వచ్చింది. గాలి, రోడ్లు, వ్యాపారం అన్నీ చూసి ఊళ్లకు ర్యాంకులిస్తారట. మా రెండు ఊళ్లలో వెనకబడినదాని మీటరు ఎత్తేస్తారట. మీటరు పోతే మామ కిటికీ లేని పాత ఫైళ్ల గదిలో కూర్చోవాలి. అది చదివాక ఆయన ముఖాన కత్తివాటుకు నెత్తుటి చుక్క లేదు.

అయినా ఊరుకునే రకమా! ఇంజినీరు చెవిలో జోరీగలా రొదపెట్టి, తమ ఊళ్లోంచి పోయే లారీలన్నిటినీ మా ఊరి కాలవ రోడ్డుకు మళ్లించేశాడు. వారంలో వాళ్ల ఊరి మసి అంకె సగానికి పడిపోయింది. వెంటనే మా ఇంటికి ఫోను.

"ఏం బావా, మీ ఊళ్లో మనుషులు కనబడుతున్నారా?"

"మనుషుల మాటెందుకుగానీ, నీ వేషాలు మాత్రం బాగా కనబడుతున్నాయిరా," అన్నాడు నాన్న దగ్గుతూ.

మూడో వారానికి మామ అంకె మునుపటికి రెట్టింపైంది. మా ఇరుకు రోడ్డులో లారీలు ఇంజన్లు ఆపకుండా గంటలకొద్దీ నిలబడుతున్నాయి. ఏటా సరిగ్గా ఆ రోజుల్లోనే గాలి తిరిగి, మా ఊరినుంచి వాళ్ల ఊరికి వీస్తుంది. ఇరవై ఆరేళ్లుగా ఆ సంగతి తన చేత్తోనే రాస్తున్నాడు మహానుభావుడు!

అంకె మార్చి రాస్తే ఎవరికీ తెలిసేది కాదు. ఎన్ని వేషాలు వేసినా మామ తప్పు అంకె మాత్రం రాయడు. పళ్లు నూరుకుంటూ ఉన్నదే రాశాడు. ఆయన మీద నాకెంత కోపమొచ్చినా ఇక్కడే చల్లారిపోతుంది.

తనిఖీకి వచ్చిన మేడమ్ ఇద్దర్నీ పిలిపించి, ముందు నాన్న రిజిస్టరు తెరిచింది. అందులో ఒక వాక్యాన్ని పైకి చదివింది: "పక్క ఊరి మసి మా రోడ్డు మీద నిలిచిన లారీలది. మా లెక్కలో వేయగలరు."

మామ చిందులు తొక్కాడు. "లారీల్ని పంపింది నేను మేడమ్! ఆ పొగ నాది!"

"మా రోడ్డు మీద పుట్టింది కదండీ, మాదే," అన్నాడు నాన్న.

ఆవిడ రెండు రిజిస్టర్లూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూసింది. "ఇది చదివితేగానీ అది అర్థం కావట్లేదు. ఒక మీటరు తీసేస్తే నాకేం తెలుస్తుంది? రెండూ ఉంటాయి. ముందా లారీలకి ఊరి బయటనుంచి దారి చూడండి."

మామ కళ్లలో నీళ్లు తిరిగాయి. నాన్న చెయ్యి పట్టుకుని ఎంతకీ వదల్లేదు.

"అయినా బావా, నా పొగ మీద నీకెందుకంత ఆశ?"