‘కాదు’ అనడం నేర్పిన రామలక్ష్మి మేడమ్

గురువారం పొద్దున మా పాత సహాధ్యాయిని మునిలక్ష్మి ఫోను చేసి, “మేడమ్ పోయినారప్పా” అంది. బెంగళూరులో మాకు ఎం.ఏ.లో సామాజిక మనస్తత్వశాస్త్రం బోధించిన ఆచార్య రామలక్ష్మి గారు ఇక లేరు. వినగానే మొదట జ్ఞాపకం వచ్చింది వరండా చివరిదాకా వినిపించే ఆమె నవ్వే.

తొంభైల నడుమ మాట. తొలిరోజే తలా ఒక కాగితమిచ్చి, “అధికారం మీకు ఎందుకు కావాల? రాయండి” అన్నారు. దాదాపు అందరం ‘సమాజసేవకు’ అని రాశాం. ఆమె చదివి విరగబడి నవ్వారు.

“అందరూ ఇంత మంచోళ్లయితే దేశానికి కష్టమేముండాది? పేర్లు వద్దు, ఈసారి నిజం రాయండి.”

ఈసారి నిజాలు వచ్చాయి. ‘మా నాయన మాట కాదనడానికి.’ ‘నేను రాగానే పదిమంది లేచి నిలబడటానికి.’ రెండోది నాదే. దేన్నీ ఎగతాళి చేయకుండా అన్నీ చదివి, “కోరుకోవడం తప్పు గాదప్పా, దాన్ని సేవ అని పిలవడమే తప్పు” అన్నారు.

ఆపైన హాజరు పుస్తకాన్ని వారానికొకరి చేతికిచ్చారు. నా వంతు రాగానే, ఐదు నిమిషాలు ఆలస్యమైతే గైర్హాజరు అని శాసించాను. ఊరి బయట జిగణిలో ఫ్యాక్టరీ ఉదయపు షిఫ్టు ముగించుకుని బస్సులో పరుగున వచ్చే మునిలక్ష్మికి వరుసగా మూడు గైర్హాజరులు పడ్డాయి. ఇంకొకటి పడితే పరీక్షకు కూర్చోనివ్వరు. నాలుగోరోజు ఆమె గుమ్మంలోనే నిలదీసింది.

“బస్సు నా చేతిలో ఉండాదా? పెన్ను నీ చేతిలో ఉండాది గదా!”

మేడమ్ నన్ను మందలించలేదు. “గైర్హాజరు వేసేటప్పుడు ఎట్లుండింది? నిజం చెప్పప్పా.”

“చానా హాయిగా ఉండింది మేడమ్.”

క్లాసు గొల్లున నవ్వింది. అందరికన్నా ఎక్కువ నవ్వింది మేడమే. మునిలక్ష్మి కూడా ఆపుకోలేకపోయింది. సిగ్గుతో నేనే ఆ మూడూ దిద్దాను. తరగతి అరగంట ఆలస్యంగా మొదలుపెడదామని ప్రతిపాదించాను. చేతులెత్తి తేల్చుకున్నాం. సాయంత్రం దూరాన కె.ఆర్.పురం దాకా తిరిగి వెళ్లాల్సిన మేడమ్‌కు ఆ వేళ కుదరదు. ఆమె వ్యతిరేకంగా చెయ్యెత్తి ఓడిపోయారు. “నా పిల్లోళ్లు నన్ను ఓడించినారు!” అంటూ మమ్మల్నందరినీ క్యాంటీనుకు తీసుకెళ్లి తియ్యటి కేసరిబాత్ తినిపించారు. ఓటమిని అంత ఉత్సవంగా జరుపుకున్న మనిషిని నేను మరి చూడలేదు.

మునిలక్ష్మి ఇప్పుడు ఆనేకల్ దగ్గర అధ్యాపకురాలు. నేను ఎలక్ట్రానిక్ సిటీలో ఒక విభాగానికి అధిపతిని. కిందటి నెల ఆసుపత్రిలో మేడమ్‌ను చూడబోతే, నా క్షేమం కన్నా ముందు అడిగిన ప్రశ్న ఇది:

“నీ కింద ఎంతమంది ఉండారు?”

“పన్నెండుమంది మేడమ్.”

“నీ మొహం మీద ‘కాదు’ అనేవాళ్లు?”

ఆలోచించి, “ఇద్దరు” అన్నాను.

“చాలదప్పా, పెంచు” అని, దగ్గు తెరల మధ్యనే నవ్వారు.

అమ్మా, మీలా అడిగేవారు నాకిక లేరు. మీరు పోయాక వచ్చిన సోమవారం, మా విభాగం సమావేశంలో మూడో గొంతు లేచింది: “ఇది సరిగాదు సార్.” మీకు చెప్పాలని ఫోను చేతిలోకి తీసుకున్నాను.