స్టేషను ఎదుటి ప్లాటు

కువైట్‌లోని అబూ హలీఫాలో ఒకే గదిలో ఉండే మేం ఆరుగురం కడప జిల్లా వాళ్లం. మా ఊళ్ల వైపు రైలు మార్గం పడుతుందని, సెలవుకు వెళ్లొచ్చిన ఒకడు అక్కడి లేఅవుటు మ్యాపు తెచ్చాడు. ఆ నేలను మాలో ఎవరూ చూడలేదు. అయినా స్టేషను ఎదుటి ప్లాటు నాకంటే నాకని తగవులాడి రెండు రోజులు ఒకరితో ఒకరం మాట్లాడుకోలేదు. చివరికి చీటీలు వేస్తే అది నాకొచ్చింది. ఊళ్లో మా అన్న చేత రిజిస్ట్రేషన్ చేయించాను.

ఇరాక్ సైన్యం వచ్చాక మాకు వీసాలిచ్చి పనిలో పెట్టుకున్న కఫీల్ ఎటో వెళ్లిపోయాడు. బస్సులో జోర్డాన్‌కు బయల్దేరినప్పుడు అందరూ బంగారం దాచుకుంటే, నేను మ్యాపును చొక్కా లోపల పెట్టుకున్నాను. ఎడారి గుడారాల దగ్గర నీళ్ల కోసం వరుసలో నిలబడి కూడా, పోతే పోయింది కువైట్, స్టేషను ముందు టీ అంగడి పెట్టుకుంటానులే అనుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే నవ్వు కూడా రావడం లేదు.

ఊరు చేరిన మూడో రోజు ప్లాటు చూడ్డానికి వెళ్లాను. మ్యాపులో స్టేషను గుర్తున్న చోట ఒక ముసలాయన శనక్కాయ చెట్లు పెరుకుతున్నాడు.

"ఈ చేను అమ్మేసినారు గదా పెద్దాయనా, మళ్లా పంటేసినావే?" అన్నాను.

ఆయన నడుం ఎత్తకుండానే చెప్పాడు. "రైలొచ్చేదాకా చేసుకోమన్నారబ్బీ. రైలొస్తాదనే మా నాయన గూడా ఈ చేను కొనింది."