రెండు పేర్ల కారు

తాయారమ్మ కళ్లారా చూసిన గొడవల్లో లింగరాజు గెలిచింది ఒక్కటే. అది కార్ల షోరూములో.

అతను బర్మాలో, బోటాటౌంగ్ పేటలో ఆవిడ పప్పుల దుకాణం మీది గదిలో అద్దెకుండేవాడు. తండ్రి గంజాం నుంచి వచ్చిన రేవు కూలీ. తల్లీ తండ్రీ పోయాక తాయారమ్మ చేతి కూడే తిని పెరిగాడు. ఇరవై ఏళ్లుగా పక్కనున్న తాకేటా పేటలో కార్ల సీట్లకు తొడుగులు కుడుతున్నాడు. నోట్లో నాలుక లేనివాడని ఆవిడే దెప్పేది. కో మ్యో అనే బర్మా అతను ఎనిమిదేళ్లుగా లింగరాజుతో ఆ గదిలోనే కాపురముంటున్నాడు. మొదటి ఏడాది తాయారమ్మ మొహం తిప్పుకుంది. రెండో ఏడు కో మ్యోకి చారు కాచడం నేర్పింది.

ఇద్దరూ కలిసి కూడబెట్టి, రెండువేల పద్దెనిమిదిలో ఒక పాత జపాను కారు కొనబోయారు. ఆవిడని పెద్దదిక్కుగా వెంట తీసుకెళ్లారు. షోరూము గోడ మీద ఇంద్రధనుస్సు రంగుల జెండా, దాని కింద ‘అన్ని జంటలకూ స్వాగతం’ అని బర్మా అక్షరాలు. ఆ జెండా చూసే వాళ్లు అక్కడికి వెళ్లారు. తీరా కాగితం రాసే వేళకి సేల్స్‌మన్ చెయ్యి ఆగిపోయింది.

“ఒక పేరే రాస్తాం. రెండు కావాలంటే అన్నదమ్ములని రాసుకోండి.”

“అన్నదమ్ములం కాదు,” అన్నాడు లింగరాజు.

“మరేమిటో?”

కార్లు చూడ్డానికి వచ్చినవాళ్లు కిసుక్కుమన్నారు. లింగరాజు వెళ్లి, ధగధగలాడుతున్న ఒక తెల్లకారు తలుపు తీసి, సీటు అంచు వేలితో పైకెత్తాడు.

“అయ్యలారా, ఈ సీటు అసలైన తోలు అని చెప్పారు కదా మీకు? ఇది రెక్సిను. తాకేటాలో నేనే కుట్టాను. ఇదిగో నా ముడి. ఆ నల్లకారుదీ చూపించమంటారా?”

నవ్వినవాళ్లు సీట్లు తడమడం మొదలెట్టారు. మేనేజరు పరుగున వచ్చాడు. నిమిషంలో కాగితం మీద రెండు పేర్లూ పడ్డాయి. ఆపైన ఇద్దరినీ జెండా కింద నిలబెట్టి, కారు నంబరు కనబడేలా ఫొటో తీసి ఫేస్‌బుక్కులో పెట్టాడు.

తాయారమ్మ కాలు నేల మీద ఆగలేదు. వాహన పూజకని కారుని గుడికి తోలించింది. చక్రాల కింద నిమ్మకాయలు, అద్దానికి బర్మా ఆచారంగా కో మ్యో కట్టిన ఎర్రా తెల్లా గుడ్డపీలికలు. పూజారి మైకులో పేరూ గోత్రమూ అడిగితే ఆవిడే మైకు లాక్కుంది.

“ఇద్దరి పేర్లూ సదువు బావూ! కాయితంలో ఇద్దరివీ ఉన్నాయి. ఆ బర్మా పిల్లడికి గోత్రం లేకపోతే నా గోత్రం ఎట్టీ!”

వీధంతా వింది.

మూడేళ్ల తర్వాత ఫిబ్రవరిలో సైన్యం గద్దెనెక్కింది. వారం తిరక్కుండా షోరూము గోడ మీది జెండా మాయమైంది. మార్చిలో వీధుల్లో కాల్పులు. కో మ్యో దెబ్బలు తిన్నవాళ్లని ఆ కారులోనే డాక్టర్ల దగ్గరికి చేరవేశాడు. ఒక్క వారంలో లింగరాజు వెనక సీటు తొడుగు మూడుసార్లు మార్చాడు. పాతవి తాయారమ్మ పొయ్యిలో కాలాయి. ఆ వాసన ఎదురింటికి వెళ్తుందేమోనని ఆవిడ మిరపకాయలు వేయించింది.

ఎవరో కారు నంబరు రాసుకున్నారు. ఫొటో తీసెయ్యమని బతిమాలడానికి లింగరాజు షోరూముకి వెళ్తే, ఆ మేనేజరే తలెత్తకుండా అన్నాడు: “రెండు పేర్లూ రాయమన్నది మీరేగా?” ఆ కాగితం నకలు రెండు రోజుల్లో సిపాయిల చేతికి చేరింది. లింగరాజుని ఒక పూటంతా ప్రశ్నించి వదిలేశారు. దుకాణం ముందున్న కారునీ ముట్టుకోలేదు. వాళ్లకు కావలసింది కో మ్యో. అతన్నీ కారునీ ఎరలా వదిలి కాపు కాశారు.

కో మ్యో నాలుగు రోజులుగా తాయారమ్మ వెనక గదిలో, పప్పు బస్తాల చాటున ఉన్నాడు. ఇంటికి ఎవరొచ్చినా వార్డు ఆఫీసులో చెప్పి తీరాలి. ఆవిడ చెప్పలేదు. వెనక సందు మొదట్లో సిపాయిలు ఇసుక బస్తాలు వేశారు. ఫోన్లలో ఇంటర్నెట్ లేదు. బండి చప్పుడైతే చాలు, ఆవిడ తూకం ఆపేసి వీధిలోకి చూసేది.

ఆ మధ్యాహ్నం లింగరాజు కిందికొచ్చాడు.

“అత్తా, వార్డు ఆఫీసోడు ఎదర టీకొట్లో కూకున్నాడు, సూసినావా?”

“సూడకేటి? పొద్దుట్నుంచి మూడు టీలు తాగీసినాడు, ఆడి కడుపు కాల!” అంటూనే ఆవిడ గొంతు తగ్గించింది. “నా నోరే మిమ్మల్ని ముంచిందిరా. మైకులో అరిసినాను.”

“నువ్వు అరవకపోయినా ఫొటో ఉంది కదేటి. ఊరుకో. ఏరు దాటితే తన్లిన్‌లో మ్యో అప్ప ఉంది. బస్సెక్కితే జనంలో కలిసిపోతాడు. ఆ వార్డోడు ఎదర కూకున్నంతసేపూ మ్యో ఈ గుమ్మం దాటలేడు. ఆడ్ని లేపాల.”

“ఎలాగ లేపడం?”

“కారు నాను తోల్తాను. తాకేటా ఎల్తాను. ఆడూ సిపాయిలూ నా ఎనకే వస్తారు.”

“మరి నువ్వో?”

లింగరాజు సూది గుచ్చుకుని గట్టిపడ్డ తన వేళ్ల కొసలు చూసుకున్నాడు.

“నాను ఎల్లాక ఆళ్లు నీ ఇల్లు ఎతక్కూడదు. అంచేత నువ్వు ఇప్పుడు వీధిలోకి రావాల. నా బట్టలు బయట పారీ. ‘నీ మ్యోగాడు తాకేటాలో ఉన్నాడు కదా, ఆడి దగ్గరికే పో, నా గుమ్మం తొక్కకు’ అని బర్మా మాటలో తిట్టు.”

“నా నోటితోనా?”

“నీకు రాని తిట్టుందేటి!” అని నవ్వబోయాడు. నవ్వు రాలేదు. “మాలాంటోల్ని జనం ఏమేం అంటారో అయ్యన్నీ అను. ఒక్కటీ దాసుకోకు. మధ్యలో ఏడవకు అత్తా. ఏడిస్తే ఆడు నమ్మడు.”